నా వైపు తిరిగి చెప్పండి

మూడో తరగతి టీచరమ్మ ఆ కాన్వెంటు బడిలో మొదట అడుగుపెట్టింది చదువుకోవడానికి కాదు. వాళ్లమ్మ అక్కడ వరండాలు ఊడ్చేది. ఐదేళ్ల పిల్లను ఇంట్లో ఒంటరిగా వదలలేక వెంట తెచ్చుకునేది. ఒకరోజు ముసలి సిస్టరొకామె చీపుర్ల పక్కన కూర్చున్న ఈ పిల్లను చూసి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఒకటో తరగతి బెంచీ మీద కూర్చోబెట్టింది. "ఎవరి పిల్ల సిస్టర్?" అని అక్కడి టీచరు అడిగితే "మన పిల్లే" అంది. ఆమె చదువు అలా మొదలైంది. పెద్దయ్యాక అదే బడిలో టీచరై, ఇరవై ఆరేళ్లుగా మూడో తరగతికే పాఠాలు చెబుతోంది.

యాభై దాటాక ఆమెకు వినికిడి తగ్గసాగింది. మొదట పీరియడ్ గంట వినపడటం మానేసింది. తర్వాత వెనక బెంచీలు. భర్త బస్సు డ్రైవరు. డాక్టరుకు చూపించుకొమ్మని పోరేవాడు. ఆమె పలక్కపోతే, "నిజంగానే వినపడలేదా, మొగుడి మాట కాబట్టి వినపడలేదా?" అనేవాడు.

బడిలో మాత్రం ఎవరికీ తెలియనివ్వలేదు. ఒకప్పుడు తొమ్మిదిమంది సిస్టర్లుండే చోట ఇప్పుడు ఇద్దరే మిగిలారు. రోడ్డుకు అవతల అద్దాల గోడలతో కొత్త స్కూలు వెలిసింది. పిల్లల్ని చేర్చడానికొచ్చే తల్లిదండ్రులు ముందు ర్యాంకులెన్నని అడుగుతున్నారు. ఇలాంటప్పుడు చెవులు వినపడని టీచరంటే, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే.

ఒకరోజు జోరున వాన కురుస్తోంది. ఆమె బోర్డు మీద గుణకారాలు రాస్తోంది. వెనకాల ఒక చిన్నది లేచి, బయటికి వెళ్లొచ్చా అని అడిగింది. మళ్లీ అడిగింది. మూడోసారీ అడిగింది. టీచరమ్మ ఇటు తిరిగేసరికి ఆ పిల్ల బెంచీ పక్కన తడిసిన బట్టలతో నిలబడి ఏడుస్తోంది.

తనే ఎత్తుకెళ్లి కడిగింది. పొడి బట్టలు తొడిగింది. "మూడుసార్లు అడిగాను టీచర్" అంది ఆ చిన్నది, చెవికి దగ్గరగా. ఆ మాట మాత్రం వినపడింది. ఆ రోజు ఆమెకు ముద్ద దిగలేదు.

మర్నాడు ఆ పిల్ల తల్లి వచ్చింది. "నోరు తెరిచి అడిగిన పిల్లకే దిక్కు లేకపోతే, అడగలేని పిల్లల సంగతేంటండీ?"

"మీ పాప చక్కగానే అడిగిందమ్మా. నాకే చెవులు వినపడటం లేదు. తప్పంతా నాదే."

ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదటిసారి. సాయంత్రం రాజీనామా ఉత్తరం రాసి హెడ్మిస్ట్రెస్ సిస్టర్ ముందు పెట్టింది.

సిస్టర్ ఆమెకంటే పదేళ్లు చిన్న. నాన్చడం తెలియని మనిషి. ఉత్తరం రెండుసార్లు చదివింది. "నాకు కోపంగానే ఉంది టీచరుగారూ. వినపడనందుకు కాదు, చెప్పనందుకు. నిజం చెప్పండని పిల్లలకు రోజూ చెప్పేది మనమే కదా?"

"అందుకే వెళ్లిపోతానంటున్నాను సిస్టర్."

"వెళ్లిపోవడమెంతసేపు? ముందు పిల్లలకు చెప్పండి. సంవత్సరం చివర్లో ఆలోచిద్దాం."

మర్నాడు ఆమె తరగతి ముందు నిలబడింది. "పిల్లలూ, నా చెవులు మొరాయిస్తున్నాయి. ఏదైనా చెప్పాలంటే నా వైపు తిరిగి, ఒక్కొక్కరే, నెమ్మదిగా చెప్పండి. తొందరైతే వచ్చి నా చెయ్యి లాగండి."

వాగుడుకాయ అని పేరుపడిన పిల్ల లేచింది. "అల్లరి చేసినా వినపడదా టీచర్?"

"వినపడదు. కనపడుతుంది."

తరగతంతా నవ్వింది. మొన్న ఏడ్చిన చిన్నది కూడా.

రెండు నెలలకు పిల్లలకు అది అలవాటైపోయింది. అప్పుడే ఒక ఎలక్ట్రీషియన్ తన కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. పిల్లకు నత్తి. కొత్త స్కూలువాళ్లు పేరడిగితే పూర్తిగా చెప్పలేకపోయిందట. సీటు లేదన్నారట.

"మేం మీ మతంవాళ్లం కాదు సిస్టర్" అన్నాడు కాస్త బెరుగ్గా. "పిల్లను మార్చేస్తారని మావాళ్లంటున్నారు."

"ఇక్కడ సగానికి పైగా మీలాంటివాళ్ల పిల్లలే. ప్రార్థనప్పుడు మీ పాప ఊరికే నిలబడితే చాలు. మేం నమ్మేదేదో మా నడవడిలో మీకు కనపడాలి. కనపడకపోతే వచ్చి నన్ను నిలదీయండి."

టీచరమ్మ ఆ పిల్లను తరగతి ముందు నిలబెట్టి, పేరు చెప్పమంది. మొదటి అక్షరం దగ్గరే మాట చిక్కుకుంది. పిల్ల కళ్లు బిగించుకుంది, నవ్వులు వినడానికి సిద్ధమైనట్టు.

ఎవరూ నవ్వలేదు. ఆ గదిలో అందరూ ఆగి ఆగే మాట్లాడతారు మరి. వాగుడుకాయ మెచ్చుకోలుగా అంది: "చూడండి టీచర్, కొత్తగా వచ్చినా మాకంటే ఎంత నెమ్మదిగా చెబుతోందో!"

పిల్ల కళ్లు తెరిచి దానివైపు వింతగా చూసింది. తర్వాత టీచరమ్మ మొహంలోకి చూస్తూ పేరు మొత్తం చెప్పింది.

నత్తి పోలేదు. భయం పోయింది. "ఇంట్లో దీని నోటికి తాళం వెయ్యలేకపోతున్నాం టీచర్" అని తండ్రి గేటు దగ్గర మురిసిపోతూ ఫిర్యాదు చేశాడు.

సంవత్సరం చివర పదకొండుమంది పిల్లలు కొత్త స్కూలుకు మారిపోయారు. వాగుడుకాయ కూడా. వెళ్లేముందు టీచరమ్మ చెయ్యి లాగి మరీ చెప్పింది, అక్కడ గోడ మీద సినిమాలా పాఠం వస్తుందట అని. ఆ బెంచీలు నిండలేదు. సిస్టర్ దిగులు దిగులుగానే ఉంది. అయినా రాజీనామా ఉత్తరం తిరిగిచ్చేస్తూ, "చెవికి మిషన్ పెట్టించుకుని రండి. ఈ పిల్లలతోపాటు నాలుగో తరగతికి కూడా మీరే వెళ్లాలి" అంది.

మిషన్ పెట్టుకున్న మొదటిరోజు ఆమెకు తల తిరిగినంత పనైంది. ఫ్యాన్లు, బెంచీల కీచులు, సుద్దముక్క గీకుడు. ఆ గోలలోంచి ఒక గొంతు వినపడింది. ఇన్ని నెలలుగా పెదాల మీద మాత్రమే చూసిన గొంతు.

"ఇంత సన్నటి గొంతా నీది!" అంది.

ఎలక్ట్రీషియన్ కూతురు కంగారుపడింది. "మీ... మీకు వినపడుతోందా? అయితే ఇ... ఇక నా మొహం చూడరా?"

టీచరమ్మ స్టూలు లాక్కుని ఆ పిల్ల ఎదురుగా కూర్చుంది. "చూస్తాను. చెప్పు."

నిన్న వాళ్లింట్లో కరెంటు పోతే, ఊరందరికీ లైట్లు బిగించే నాన్న చీకట్లో కొవ్వొత్తి దొరక్క మంచానికి ఎలా తట్టుకున్నాడో పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది. తరగతంతా ఆగి విన్నది.