నూకరత్నం కంప్యూటర్‌లో పరాయి మోపులు

నూకరత్నం భయస్తురాలు. ఈ మాట ఎనిమిదేళ్లుగా ఆమె ముఖం మీదే అంటున్నాను. ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. పిడుగంటే భయం, ఘాట్‌రోడ్డు మీద జీపు వేగంగా పోతే భయం, విశాఖపట్నం నుంచి పెద్దాఫీసరు వస్తున్నాడంటే ముందురోజు నుంచే భయం. అన్నిటికన్నా తన బల్ల మీదున్న కంప్యూటరంటే ఎక్కువ భయం. నేను నర్సీపట్నం వాణ్ణి, కోపం ముక్కు మీదే ఉంటుంది. హుకుంపేట దగ్గర ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే రక్తపరీక్షల కేంద్రంలో మేమిద్దరమే సిబ్బంది. నేను రక్తం తీసి పరీక్ష చేస్తాను, ఆమె ఆ వివరాలు కంప్యూటర్‌లో ఎక్కిస్తుంది.

మా కొండల్లో సికిల్ సెల్ జబ్బున్న పిల్లలు చాలామంది ఉన్నారు. రక్తం తగ్గిపోయి, ఎముకల్లో నొప్పులు పుట్టి, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. ఆరువందల మంది పిల్లల వివరాలు నూకరత్నం దగ్గరే ఉన్నాయి. ఎవరికి ఎప్పుడు రక్తం ఎక్కించారు, ఏది పడింది, ఏది పడలేదు అన్నీ ఆమె ఎక్కించినవే. పక్క కొండమీది పల్లె నుంచి ఆరు కిలోమీటర్లు నడిచి వస్తుంది. ఇంటర్ పాసైంది. కాఫీ పండ్లు కోసే రోజుల్లో కూడా ఒక్కపూట సెలవడగదు. మనిషికి వంక పెట్టడానికి లేదు, ఆ కంప్యూటర్‌కే పెట్టాలి.

పొద్దున్న స్విచ్ వేస్తే అది తెరుచుకునేసరికి నేను టీ తాగి, రెండు శాంపిళ్లు చూసి, మళ్లీ టీ తాగేవాణ్ణి. ఎందుకు నెమ్మదించదూ! వచ్చిన ప్రతివాడూ అందులో ఒక సాఫ్ట్‌వేర్ పడేసిపోయాడు. ప్రింటరు బిగించిన గణపతిరావు ఒక యాంటీవైరస్ వేశాడు. శిక్షణ ఇవ్వడానికొచ్చిన రవిబాబు అది పనికిరాదంటూ ఇంకో యాంటీవైరస్ వేశాడు గానీ, మొదటిది తియ్యలేదు. ఆ రెండూ లోపల సవతుల్లా కొట్టుకునేవి. ఇంకొకడు స్పీడు పెంచేదని ఒకటి, చెత్త ఊడ్చేదని ఒకటి, పాటలదొకటి, ఫొటోలదొకటి, బొమ్మల కీబోర్డొకటి.

"తీసిపారెయ్యమ్మా" అంటే తీసేది కాదు. వాళ్ల ఊరి పద్ధతి అది. అడవిలో ఎవరైనా ఎండుకట్టెలు మోపు కట్టి, పైన రాయి పెట్టి గడ్డిముడి వేసిపోతే, ఆర్నెల్లయినా ఇంకొకరు ముట్టరు. పొయ్యిలోకి పుల్ల లేకపోయినా ముట్టరు. కావాలంటే మోపు కట్టినవాణ్ణి వెతుక్కుంటూ వెళ్లి అడగాలి. నూకరత్నానికి ఆ సాఫ్ట్‌వేర్లన్నీ ఎవరెవరో కట్టిపెట్టిన మోపులే. "ఆళ్లు పెట్టుకున్నారు సార్, అడక్కండా తీత్తే తప్పు" అనేది. నిజంగానే ఒక్కొక్కరికి ఫోన్ చేసి అడిగింది కూడా! గణపతిరావు నంబరు పనిచెయ్యదు. రవిబాబు ఎత్తడు. మిగతావాళ్ల పేర్లే తెలియవు. ఇంకేముంది, మోపులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. నేను రోజూ తిడుతూనే ఉన్నాను.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం, ముసురు పట్టి ఉంది. పెద్దాసుపత్రి నుంచి డాక్టర్ బిందుమాధవి గారు ఫోన్ చేశారు. "మీ దగ్గర పేరున్న పిల్ల, చిట్టి. తొమ్మిదేళ్లు. తండ్రి సోమన్న. రక్తం బాగా పడిపోయింది, వెంటనే ఎక్కించాలి. పోయినసారి ఎక్కడో ఎక్కిస్తే పడలేదట. ఏది పడలేదో ఆయనకు తెలియదు, కార్డు గెడ్డ వాగు దాటుతుంటే కొట్టుకుపోయిందట. ఇక్కడి పరీక్షలో సరిపోయినట్టే కనిపిస్తోంది. కానీ పాతది తెలియకుండా ఎక్కించి, అది మళ్లీ పడకపోతే పిల్ల దక్కదు. అరగంట చూస్తాను. అంతకుమించి ఆగినా దక్కదు."

వెనక నుంచి పిల్ల మూలుగు వినపడుతోంది. సోమన్న గొంతు కూడా వినిపించింది. "బాబూ, బేగి సూడండి బాబూ."

పాత రిజిస్టర్లన్నీ పై ఆఫీసుకు పంపేశాం. ఉన్నదల్లా కంప్యూటరే. నూకరత్నం రికార్డుల బొమ్మ మీద నొక్కింది. తెరమీద చక్రం తిరగడం మొదలెట్టింది. అయిదు నిమిషాలు తిరిగింది. ఎనిమిది నిమిషాలు తిరిగింది.

"ఇంకా ఏటి సూత్తన్నావు? ఆ దిక్కుమాలినవన్నీ పీకెయ్, బేగి!" అని అరిచాను.

ఆమె నావైపు చూసింది, ఫోనువైపు చూసింది. "తీసేత్తాను సార్" అంది.

జాబితా తెరిచింది. ముందు ఒక యాంటీవైరస్. తీసెయ్యాలా, నిజంగానే తీసెయ్యాలా అని అది ఒకటికి రెండుసార్లు అడిగింది. "గణపతిరావు సార్, సమించండి" అని గొణిగి నొక్కింది. రెండోదానికి రవిబాబు పేరు చెప్పి నొక్కింది. పేరు తెలియనివాళ్లకి "బాబూ, ఎవులైనా గానీ, సమించండి" అంది. ఇంకో రోజైతే పడీపడీ నవ్వేవాణ్ణి. ఆవేళ నవ్వు ఎక్కడిది! బయట ఉరిమినప్పుడల్లా కరెంటు పోతుందేమోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను. ఏడు తీసేసరికి గోడ గడియారం ప్రకారం ఫోన్ వచ్చి పద్దెనిమిది నిమిషాలైంది.

జాబితాలో ఇంకొకటి మిగిలింది. అన్నిటికన్నా పెద్దది. ఇంగ్లీషులో ఏవో అక్షరాలు, అంకెలు, అర్థంపర్థం లేని పేరు. ఎవరు వేశారో మా ఇద్దరికీ తెలియదు. సగం జాగా అదే తినేస్తోందని నాకనిపించింది.

"అసలు దొంగ ఇదే! తియ్యి."

"ఇదెవులదో తెలవదు సార్."

"ఏడు తీశావు గదా!"

"ఆటి మడుసులు తెలుసు సార్. లేపోతే అదేం సేత్తాదో తెలుసు. దీనిదేటీ తెలవదు."

నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల అక్కడ చచ్చిపోతుంటే ఈ మనిషి ఇక్కడ మడుసుల లెక్క చూస్తోంది. "పిల్లకేదైనా అయితే నీదే పాపం!" అనేశాను. అనకూడని మాట. అంతటితో ఆగానా, మౌసు లాక్కుని దానిమీద నొక్కాను. తీసెయ్యాలా అని గడి వచ్చింది. అవునన్న చోటికి బాణం జరిపాను.

నూకరత్నం నా మణికట్టు పట్టుకుంది. ఎనిమిదేళ్లలో ఆమె నా చెయ్యి ముట్టుకోవడం అదే మొదలు. ఐసుగడ్డలాంటి వేళ్లు, వణుకుతున్నాయి. అయినా వదల్లేదు. రెండోచేత్తో మౌసు తీసుకుని, వద్దు అన్న దానిమీద నొక్కి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. నేను పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను.

రెండు నిమిషాల్లో తెర వెలిగింది. రికార్డుల బొమ్మ నొక్కగానే రికార్డుల పేజీ తెరుచుకుంది. దాని అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరస కనబడింది. రికార్డులు ఎక్కడినుంచి తెస్తున్నదీ అందులో రాసి ఉంది. నేను వంగి చదివాను. అవే అక్షరాలు, అవే అంకెలు. ఇందాక నేను తీసెయ్యబోయిన పేరే అది. ఆరువందల మంది పిల్లల వివరాలూ దాని లోపలే ఉన్నాయి.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. అప్పటికే నూకరత్నం ఫోన్ అందుకుని చదువుతోంది. "చిట్టి, తండ్రి సోమన్న. పోయినేడు రక్తం ఎక్కిత్తే జొరమొచ్చి, ఉచ్చ నల్లగా అయిందని రాసుందమ్మా. పరీచ్చలో యాంటీ ఈ అని వచ్చింది. ఇంగ్లీసు ఈ అచ్చరం గుర్తున్న రక్తం ఎక్కించకూడదని రాసుంది."

"లైన్‌లో ఉండండి, చూస్తాను" అన్నారు డాక్టరు గారు. ఎవరో పరిగెడుతున్న చప్పుడు వినిపించింది. నేను దండం పెట్టని దేవుడు లేడు, ఏజెన్సీ దేవతలతో సహా.

"తెచ్చిన రక్తం సంచిలో ఆ గుర్తుందమ్మా" అని వినపడింది చివరికి. "కట్టడానికి స్టాండు కూడా తెచ్చేశారు. ఆపేశాం. ఇంకో సంచి దొరికింది, అది లేనిది. ఇప్పుడే ఎక్కిస్తున్నాం."

సాయంత్రం అయిదింటికి సోమన్న తనే ఫోన్ చేశాడు. పిల్ల కళ్లు తెరిచి అంబలి అడిగిందట. నూకరత్నం "సరే అన్నయ్యా, సరే" అంటూ కొంగుతో మొహం తుడుచుకుంది. ఫోన్ పెట్టేశాక నేను ఆమె ముందు నిలబడ్డాను. నోరు తెరవడానికే సిగ్గేసింది.

"నూకరత్నం, నువ్వు కాబట్టి ఆగావు. అందులో రికార్డులున్నాయని నీకెలా తెలిసింది?"

ఆమె నన్ను వింతగా చూసింది.

"నాకేటి తెలుసు సార్? బయమేసి పట్టుకున్నాను."