చెక్క తెర మీది చెమ్మ

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను మా అరుగు ఎక్కనిచ్చేవాణ్ణి కాదు. బడి మొహం చూడకుండా, కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నవాణ్ణి. ఎవరో చెప్పారని ఏదీ నమ్మను. ఇది మాత్రం నా చేతికి తగిలిన సంగతి.

పోలీసు చర్య అయిన మరుసటి ఎండాకాలం. మాది హఫీజ్‌పేట. పట్నంలో ఒక నవాబు దేవిడీలో సామాను హర్రాజు వేస్తుంటే మా నాయన మడత పెట్టే చెక్క తెర తెచ్చాడు. నాలుగు పలకల మీద కాల్చిన ఇనుప మొనతో గీసిన గుట్టలు, తుప్పలు, ఒక కాలిబాట. ఎక్కడ చేశారో ఎవరికీ తెలియదు.

నా భార్య సత్తెమ్మ రెండో కాన్పుకు ఆ తెరనే అడ్డం పెట్టాం. మాలో పురుడు వెళ్లాక బాలింత బావికి పసుపు కుంకుమ పెట్టి నీళ్లు తోడాలి. ఆ తర్వాతే ఇంట్లో తిరగాలి. ఆ ఏడు మా బావి ఎండింది. పొరుగూరి నుంచి బండి మీద నీళ్లు తెచ్చుకునేవాళ్లం. ఆ ఊరి బావి దగ్గరే కానిద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు.

“మన బావిల చేద ముంచందే బాలింత తెర దాటొద్దు” అంది.

తెరకు ఇవతల మా పెద్దపిల్ల తల్లి కోసం ఏడ్చి ఏడ్చి తిండి మానేసింది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒక మధ్యాహ్నం సత్తెమ్మ పిలిచింది. “జర చెయ్యి పెట్టి చూడుండ్రి. గీ గుండు కింద తడి తాకుతుంది.”

మూడో పలకలో ఒకదాని మీద ఒకటి నిలిచిన రాతి గుండ్లు. అడుగు గుండు కింద వేలెడు చెమ్మ. పసిదాని ఉచ్చ తడేనని కసిరి, దుప్పటి అడ్డం కట్టి, తెరను ఎండలో నిలబెట్టాను. చెక్కంతా చుర్రుమంటోంది; అక్కడ మాత్రం మళ్లీ చెమ్మ.

అవి కొండాపూర్ దిక్కు గుండ్లేనని, కట్టెలకు పోయినప్పుడు చూశానని సత్తెమ్మ అంది. నవ్వాను. నవ్వుతూనే గడ్డపార పట్టుకుని పోయాను. గుండ్లు అచ్చం అలాగే ఉన్నాయి. అడుగు గుండు పక్కన నడుము లోతు తవ్వేసరికి ఊట పుట్టింది.

చుట్టూ రాళ్లు పేర్చాను. అమ్మ బండి దిగి, వంగి చూసింది. “చిన్నదే గని, మనోళ్లు తవ్విందే” అంది. సత్తెమ్మ చేద ముంచింది. పెద్దపిల్ల ఇంటిదాకా ఆమె కొంగు వదల్లేదు. ఆ రోజుతో పలక ఆరిపోయింది.

ఇప్పుడు అక్కడ అద్దాల మేడలు. మునుపు అక్కడ ఏముంది, వట్టి రాళ్లే కదా అంటారు. వింటే కడుపు మండుతుంది. ఆ గుండ్లు పేల్చి కట్టిన మేడ అడుగున ఊట ఆగడం లేదట. మోటార్లు పెట్టి తోడిస్తూనే ఉన్నారు.

మొన్న తెర దులుపుతుంటే మూడో పలక తడిగా తగిలింది. తుడిచి ఎండలో పెట్టాను. ఆరలేదు. చెయ్యి పెట్టి చూడమని పిలవడానికి సత్తెమ్మ లేదు.