ఒళ్లు చేసిన అత్త

రాజమండ్రి ఆసుపత్రిలో మా మేనత్త పోయిందని కిందటి నెల ఫోన్ వచ్చింది. నాకు ఏడుపు కంటే ముందు అసహ్యం పుట్టుకొచ్చింది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాడే మాట కాదిది. కానీ అబద్ధం రాస్తే అత్తే ఒప్పుకోదు.

అమ్మ లేని నన్ను పెంచింది ఆవిడే. నేను కొవ్వూరులో జువాలజీ లెక్చరర్నయ్యానంటే అదంతా ఆవిడ చలవ. రావులపాలెం దగ్గర వాళ్లకు అరటి తోట ఉంది. అత్త సన్నగా చువ్వలా ఉండేది. మందు పెట్టి మగ్గేసిన గెలను ఇట్టే పట్టేసేది. "పసుపు రంగు చూసి పండనుకోకండమ్మా" అని కొనేవాళ్లను ఆపేది.

రెండేళ్ల కిందట మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి. తోటకు వెళ్లలేక కుమిలిపోయింది. సంతలో ఎవడో ఆకుల పొడి అని చెప్పి పొట్లాలు అమ్మాడు. వారం తిరక్కుండా చకచకా నడిచింది. తర్వాత మెల్లగా ముఖం గుండ్రంగా పొంగింది. ఒళ్లు చేశావొదినా, ఇప్పుడు కళగా ఉన్నావు అని చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మా వైపు బక్కగా ఉంటే జాలి, లావెక్కితే మర్యాద. ఆ మెప్పులు తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ అసహ్యం.

నాకు అనుమానం వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పొడిలో స్టెరాయిడ్ కలిపారని ఆయన తేల్చారు. అదేంటో చెప్పమని అత్త అడిగితే వంటింట్లో పీట మీద కూర్చుని చెప్పాను. స్టెరాయిడ్ కణం పొర దాటి నేరుగా లోపలికి పోతుంది. అక్కడ తనకోసమే ఉన్న ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. రెండూ కలిసి కేంద్రకంలో చేరి డీఎన్ఏ మీద కూర్చుంటాయి. కొన్ని జన్యువులను పనిలోకి దింపుతాయి, కొన్నిటి నోరు మూయిస్తాయి. వాపు తెచ్చే జన్యువుల నోరు మూసింది గనకే నొప్పి పోయింది. అదే చేత్తో షుగర్ పెంచింది, ఎముకలు గుల్ల చేసింది. బయటి నుంచి వచ్చిపడుతుంటే ఒళ్లు తన సొంత హార్మోన్ చేసుకోవడం మానేస్తుందనీ చెప్పాను.

"అంటే నా ఒంట్లో పెత్తనం దానిదన్నమాట," అంది అత్త. ఇకమీదట క్లాసులో నేనూ ఆ మాటే చెబుతాను.

ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పని, అదే స్టెరాయిడ్‌ను మాత్రలుగా వేసుకుంటూ కొద్దికొద్దిగా తగ్గించుకోవాలని డాక్టరు గట్టిగా చెప్పారు. అత్తేమో ఎంగిలి తగిలితే గిన్నెడు కూరా పారబోసే మనిషి. పొట్లాలతోపాటు ఆయనిచ్చిన మాత్రలు కూడా కాలవలో విసిరేసింది. నేను బతిమాలాను.

"విషమని తెలిశాక ఇంకా మింగమంటావేంట్రా?" అంది.

కొన్నాళ్లకే వాంతులు పట్టుకున్నాయి, బీపీ పడిపోయింది. బయటి హార్మోన్ లేదు, సొంతది ఇంకా మొదలవలేదు. ఇంట్లోవాళ్లు ఆసుపత్రికి చేర్చేసరికే ఆలస్యమైపోయింది.

పెద్దకర్మకు ఫోటో కావాలంటే తోటలో నవ్వుతున్న పాతది తెచ్చాను. ఎముకలు కనిపిస్తున్నాయని దాన్ని పక్కన పెట్టేశారు. పొంగిన ముఖాన్నే ఫ్రేమ్ కట్టించి దండ వేశారు. అది మా అత్త ముఖం కాదు.

భోజనాలయ్యాక వరసకు పిన్ని అయ్యే ఒకావిడ నన్ను ఆ ఫోటో దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి అడిగింది.

"మీ అత్తకి అంత బాగా పనిచేసిందటగా, ఆ పొడి ఎక్కడ దొరుకుద్ది నాన్నా?"

నేను చెబుతున్నది ఆవిడ విననేలేదు. ఫోటో మీదనుంచి చూపు తిప్పకుండా, ఒంగి మోకాలు నిమురుకుంటూనే ఉంది.