సిమెంటమ్మ

మా అమ్మానాన్నలు పెట్టిన పేరు నాకొకటి ఉంది. రేషను కార్డు మీద ఉంది, పుట్టింటి నుంచి వచ్చే ఉత్తరాల మీద ఉంది. విశాఖపట్నం పాత ఊళ్ళో మాత్రం ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. అక్కడ నేను సిమెంటమ్మని. కూరల బండివాడి దగ్గర్నుంచి గుళ్ళో పూజారిగారి దాకా అందరిదీ అదే పిలుపు. మొదట్లో ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే బావుండునని ఉంటుంది. ఆ పేరెలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఆ మేడ సంగతి చెప్పాలి.

మా ఆయనకి పోర్టులో గుమాస్తా ఉద్యోగం. డెబ్భైల చివర్లో పశ్చిమ గోదావరి నుంచి రెండు ట్రంకుపెట్టెలతో దిగి, హార్బరుకి దగ్గర్లో ఉన్న ఆ పాత మేడలో కింది వాటా అద్దెకి తీసుకున్నాం. మేడంటే అలాంటిలాంటి మేడ కాదు. వరండాలోకి తొమ్మిది తలుపులు. చేతులు చాపి కౌగిలించుకున్నా అందని స్తంభాలు. మెడ నొప్పెట్టేంత ఎత్తున టేకు దూలాలు. ఇంటావిడ మామగారి తండ్రి బర్మాతో వ్యాపారం చేసేవాడట. పోయేటప్పుడు ఓడలో పొగాకు వేసి పంపితే వచ్చేటప్పుడు ఈ దూలాలు దిగాయట. యుద్ధంలో బాంబు పడిందని ఊరు ఊరంతా పల్లెలకి పరుగెత్తినప్పుడు కూడా ఈ ఇంటికి తాళం పడలేదని ఆవిడ గొప్పగా చెప్పేది.

ఆవిణ్ణి అందరూ టీచరమ్మగారు అనేవాళ్ళు. అరవై దగ్గర పడిన మనిషి. పై హాల్లో ఎనిమిది కుట్టు మిషన్లు పెట్టి ఆడపిల్లలకి కుట్టు నేర్పేది. పొద్దున్నించి సాయంత్రం దాకా పైన మిషన్ల టకటక, పిల్లల కిలకిల. నాకు పిచ్చి ఇష్టంగా ఉండేది ఆ గోల. గోదావరి వదిలి వచ్చిన దిగులు నాకు ఆ చప్పుడు మధ్యనే పోయింది.

ఒక్క వానాకాలమే చిక్కు. వాన పడిందంటే ఆ ఇంట్లో గిన్నెలకి డ్యూటీ పడేది. ఏ గిన్నె ఎక్కడో అందరికీ తెలుసు. హాలు మధ్యన పెద్ద ఇత్తడి గుండిగ, మిషన్ల వరసలో రెండు బిందెలు, మెట్ల మీద బాల్చీ, టీచరమ్మగారి మంచం పక్కన మరచెంబు. ఆవిడ మరిది వారానికోసారి వచ్చి ఆ గిన్నెల్ని చూసి తల పట్టుకునేవాడు. మేడలో ఆయనకీ సగం ఉంది.

"ఎన్నాళ్ళు వదినా ఈ గిన్నెల కాపరం? పడగొట్టేసి ఫ్లాట్లు కట్టిద్దాం. స్టీలుప్లాంటుకి వచ్చినోళ్ళంతా ఇళ్ళ కోసం తిరుగుతన్నారు" అన్నాడొకసారి.

అప్పుడు నేను నోరు మూసుకుని నా బట్టలు నేను ఆరేసుకోవచ్చు కదా! అలా ఊరుకుంటే నేను నేనెలా అవుతాను?

"దానికి పడగొట్టడం ఎందుకండీ? డాబా మీద సిమెంటు వేయిస్తే చాలు. అంత పెద్ద స్టీలుప్లాంటే సిమెంటు మీద లేస్తుంటే ఈ డాబా ఒక లెక్కా?" అనేశాను. అనేసి ఊరుకున్నానా, మా ఆయన స్నేహితుణ్ణి పట్టుకొచ్చాను. అతను స్టీలుప్లాంటు కట్టుబడిలో సూపర్‌వైజరు, ఈ ఊరివాడే. మా ఆయన్ని బావా అని తప్ప పిలవడు. పైకెక్కి అటూ ఇటూ నడిచి, "ఓస్, ఇదేటి బావా, ఇలాటివి రోజుకి పది సేత్తన్నాం" అన్నాడు. టీచరమ్మగారు నా మొహం చూసి సరేనంది. నన్ను నమ్మింది, అదీ విషయం.

ఎండాకాలంలో మూడు రోజుల్లో పని అయిపోయింది. నేను నడుముకి కొంగు చుట్టుకుని దగ్గరుండి చేయించాను. డాబా అప్పడంలా నున్నగా తేలింది. ఎదురింటివాళ్ళని కూడా పిలిచి చూపించాను.

తొలకరికే గీతలు పడ్డాయి. సంగతేమిటో నాకు తర్వాత తెలిసింది. పాత సున్నం డాబా ఎండకి కాస్త సాగుతుంది, చల్లబడితే కాస్త ముడుచుకుంటుంది. మేము పైన వేసిన సిమెంటు బిగుసుకుని కూర్చుంటుంది. రెంటికీ పొత్తు కుదరక పైది పగుళ్ళిచ్చింది. పగుళ్ళలోంచి దిగిన నీళ్ళు మళ్ళీ బయటికొచ్చే దారి లేక లోపలే తిరిగాయి. ఇదివరకు ఎక్కడ కారుతుందో తెలిసేది. ఆ ఏడు ఎక్కడ పడితే అక్కడ కారింది. మేం గిన్నె తెచ్చేలోగా ఇంకోచోట మొదలయ్యేది. రెండు మిషన్లు తుప్పు పట్టాయి. ఒక దూలం కొస నల్లబడింది. కుట్టు పిల్లల్ని నెలరోజులు ఇళ్ళకి పంపేశారు.

టీచరమ్మగారు నన్ను ఒక్క మాటనలేదు. తిట్టినా బావుండేది. ఎదురుపడితే పక్కకి తప్పుకుని వెళ్ళిపోయేది, అంతే. ఒకరోజు మెట్ల కింద ఉండగా ఆవిడ మరిదితో అంటున్న మాట విన్నాను. "ఇంకొక్క వానాకాలం చూస్తాను. అప్పుడూ కారితే నీ ఇష్టం. సంతకం పెట్టేస్తాను."

వంటింట్లోకెళ్ళి ఏడ్చాను. వందేళ్ళ మేడ నా నోటి దురదకి కూలిపోబోతోంది. ఆ మిషన్లు ఎక్కడికి పోతాయి, ఆ పిల్లలు ఎక్కడికి పోతారు? మా ఆయన ఓదార్చబోతే ఆయన మీద కూడా విరుచుకుపడ్డాను.

మాకు చేపలు తెచ్చే మనిషి ఒకామె ఉండేది. ఫిషింగ్ హార్బరులో తెల్లారకముందే వేలంలో కొని, ఎండెక్కేసరికి గంపతో మా పెరట్లోకి వచ్చేది. నాకంటే చాలా పెద్దది. ఈ వైపు అక్కని అప్ప అంటారు కాబట్టి నేనూ అప్పా అనేదాన్ని. ఎప్పుడూ గుమ్మం దగ్గరే బేరమాడి వెళ్ళిపోయే మనిషి, ఆ శీతాకాలంలో ఒకరోజు నూతి దాకా వచ్చింది, చేతులు కడుక్కోవడానికి. వచ్చి అలాగే నిలబడిపోయింది.

"ఓలమ్మో! గానుగలో తోటకూర ఏసినావేటి తల్లీ?"

పెరట్లో గుండ్రంగా రాతి కాలువ ఒకటి ఉండేది. మట్టితో పూడిపోయి ఉంటే నేనే ఎరువు వేసి తోటకూర చల్లాను. "గానుగేంటి అప్పా, మొక్కల కోసం కట్టుకున్నారు" అన్నాను.

ఆమె పడీపడీ నవ్వింది. "మొక్కల కోసమేటి! ఇది సున్నం గానుగ. నువ్వు కూకుని బట్టలుతుకుతావే, ఆ రాయి ఇందులో తిరిగే సెక్రం. ఎద్దుని కట్టి తిప్పేవోళ్ళు. నాను కొత్తకోడలిగా ఒచ్చిన ఏడు మా అత్తతో పాటు ఈ మేడ మీద కర్రేసినాను. పాత మిద్దె తీసీసి కొత్త మిద్దె కొట్టినామమ్మా, తొమ్మిది దినాలు."

"చాల్లే, కోతలు. చేపలమ్ముకునేదానివి నువ్వు మిద్దె కొట్టావా?" అన్నాను. నా నోటికి బుద్ధెప్పుడొచ్చింది గనక.

ఆమెకి కోపం వచ్చింది. గంప దించి నడుం మీద చేతులేసుకుంది. "నాను అబద్దమాడతన్నానా? దచ్చినం మూల రాతి తూముంటాది, ఎల్లి సూడు. సేప నోరులాగ సెక్కినారు. అది నేకపోతే ఈ గంపెడు సేపలూ నీకే."

ఆ మేడలో అన్నేళ్ళున్నాను, చేప నోరు నేనెక్కడా చూడలేదు. పంతం కొద్దీ గునపం తీసుకుని డాబా ఎక్కాను. దక్షిణం మూల మా సిమెంటుని పొడిచాను. చేతులు బొబ్బలెక్కేవేళకి పెచ్చు ఊడింది. కింద రాతి పెదాలు కనిపించాయి, బార్లా తెరుచుకుని. ఎప్పుడో చెత్తతో పూడిపోయిన నీళ్ళ దారి మీద సిమెంటు కూడా వేసి మూసేశాం మేము! మూయించాల్సింది నా నోరు, మూయించింది ఆ చేప నోరు. గునపం పట్టుకుని అక్కడే కూలబడ్డాను.

కిందికి దిగి అప్పని వెంటబెట్టుకుని హాల్లోకి వెళ్ళాను. టీచరమ్మగారు మిషను మీంచి తలెత్తలేదు. సిమెంటు తీసేసి మళ్ళీ సున్నం మిద్దె కొట్టిద్దామని నేను చెప్పిందంతా విని, "మళ్ళీ నీ మాట వినమంటావా?" అంది.

"ఆ పాప మాట కాదమ్మా, నా మాట ఇను" అంది అప్ప నా వెనకనుంచి. "మీరు కొత్త పెళ్ళికూతురు అప్పుడు. మెట్ల మీంచి తొంగి తొంగి సూసీవోరు. మేం పాట కట్టినాం గుర్తు నేదా?"

మిషను ఆగింది. టీచరమ్మగారు కళ్ళజోడు తీసి ఆమెని ఎగాదిగా చూసింది. "నన్ను పాటలో పెట్టి ఏడిపించిన గుంటవి నువ్వేనా?" అంది. అని, ఆర్నెల్ల తర్వాత మొదటిసారి నవ్వింది. "సరే, కొట్టండి. కానీ గడువు మారదు. వచ్చే వానాకాలమే" అని మళ్ళీ మిషను తొక్కింది.

ఆ ఎండాకాలం మా ఇల్లు ఇల్లు కాదు. సిమెంటు వేయించిన సూపర్‌వైజరు చేతికే సుత్తి ఇచ్చాను. ఆదివారం ఆదివారం వచ్చి, "నన్ను సంపేత్తన్నావు సెల్లెమ్మా" అంటూ తను వేసిందంతా, కింద పాడైన పాత సున్నంతో సహా, తనే కొట్టి తీశాడు. మా ఆయన తట్టలు మోశాడు. నల్లబడ్డ దూలం కొసకి వడ్రంగి అతుకు వేశాడు. తోటకూర అంతా పీకి వాటా వాటాకీ పంచేశాను. భీమిలి నుంచి గుల్ల సున్నం వచ్చింది. బండి తోలే ఆయన ఎద్దుని తెచ్చి గానుగకి కట్టాడు. సున్నం గట్టిపడ్డానికి కలిపే కరక్కాయలూ బెల్లమూ పీపాల్లో నానబెడితే ఆ వాసనకి వీధిలో చీమలన్నీ మా ఇంటికే వచ్చాయి.

హార్బరు పని అయ్యాక పదకొండు మంది ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. సగం మంది అప్పలాగా ఒకప్పుడు మిద్దెలు కొట్టినవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఎవరూ పిలవక చేపల్లో పడ్డారు. దూలాల మీద పేర్చిన ఇటుకల పైన ఇటుక జల్లీ, సున్నం కలిపి పరిచి, రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చుని పలక కర్రలతో కొట్టేవాళ్ళు. మధ్య మధ్య కరక్కాయ నీళ్ళు చిలకరించేవాళ్ళు. కర్రలన్నీ ఒక్కసారే పడాలి. అందుకే పాట. పాటలో ఎవరో ఒకరిని ఏడిపించకపోతే వాళ్ళకి చెయ్యి ఆడదు. ఈసారి ఎవరు దొరికారో చెప్పక్కర్లేదు.

"మేడ మీద ఏటేసినాది? సిమెంటమ్మ రాయేసినాది!
సినుకొచ్చి ఏటడిగినాది? లోపలికి దారడిగినాది!"

వీధంతా విన్నది. మర్నాటికి పాలవాడు కూడా పాడుతున్నాడు. నాకు తిక్క రేగింది. "ఇలా ఇవ్వండి, నేనూ కొడతాను" అని ఒక కర్ర లాక్కుని కూర్చుని దబదబా బాదాను. పాట ఆగిపోయింది.

"కోపంగా కొడితే కుదరదు తల్లీ" అంది అప్ప. "గట్టిగా కాదు, కలిసి కొట్టాల. నీ పాట నువ్వే పాడు, సెయ్యి దానంతటదే ఒత్తాది."

సిగ్గు విడిచి పాడాను. సిమెంటమ్మ రాయేసినాది! నవ్వుతో కడుపు నొప్పి, చేతులకి బొబ్బలు. చెయ్యి మాత్రం కలిసింది. తొమ్మిది రోజులూ వాళ్ళ పక్కనే కూర్చున్నాను. చివరి రోజున కర్ర కిందికి దిగకుండా ఎగిరి చేతిలోకే తిరిగొచ్చింది. "సాలు, బిగిసినాది" అని అప్ప కర్ర పక్కన పెట్టింది. పైన పలక పెంకులు పరిచి, తడి గడ్డి కప్పి, చాలా రోజులు నీళ్ళు పోశాం. వీధిలో అందరికీ నేను సిమెంటమ్మనైపోయాను. టీచరమ్మగారు మాత్రం ఆ మాట అనలేదు. నవ్వులాటకైనా నాతో ఒక మాట కలపలేదు. నాకది ముల్లులా ఉండేది.

తొలకరి జల్లులకి ఏమీ కాలేదు. అవి చిన్నవి, నమ్మడానికి లేదు. దసరా వెళ్ళాక వాయుగుండం పట్టింది. రెండు రోజులు తెరిపి లేని వాన. రెండో రోజు మధ్యాహ్నం మరిదిగారు గొడుగేసుకుని, చంకలో కాగితాల సంచీతో వచ్చాడు. పైన టీచరమ్మగారు అలవాటు ప్రకారం గిన్నెలన్నీ వాటి వాటి చోట్లలో పెట్టేసి ఉంది. మేమంతా గోడవారగా నిలబడి పైకి చూస్తున్నాం. బయట చేప నోట్లోంచి నీళ్ళు ఇంత లావున పెరట్లోకి దూకుతున్నాయి.

టప్.

గుండిగలోనే పడింది. నా ప్రాణం పోయింది. అందరం పైకి చూశాం. దూలం పొడిగా ఉంది. ఇంకోసారి టప్. అప్పుడు చూశాను, మరిదిగారు గుండిగ పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన చంకలో ఏటవాలుగా ఉన్న గొడుగు కొస సరిగ్గా గుండిగ మీదికుంది.

"గొడుగు వరండాలో పెట్టిరా" అంది టీచరమ్మగారు.

ఆయన పెట్టి వచ్చాడు. అందరం ఇంకో గంటసేపు నిలబడ్డాం. బిందెలు ఖాళీ, బాల్చీ ఖాళీ, మరచెంబు ఖాళీ. ఆయన దూలాల వంక ఒకసారి చూసి, కాగితాల సంచీ తియ్యకుండానే, "పోనీలే వదినా, నేనూ ఈ ఇంట్లోనే పుట్టాను కదా" అన్నాడు.

టీచరమ్మగారు వంగి గుండిగలోకి చూసింది. కొంగుతో ఆ రెండు చుక్కలూ తుడిచింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏమే సిమెంటమ్మా, అలా నిలబడి ఏడుస్తావేంటి? ఈ గుండిగ కిందికి పట్టుకెళ్ళి చింతపండుతో తోము. రేపు హార్బరు వాళ్ళందరికీ ఇందులో పరమాన్నం వండాలి."