వదీదాకు గొంతిచ్చినవాడు

అలెగ్జాండ్రియాలో చేపల రేవు పక్కన అన్‌ఫూషీ పేట. అక్కడ వలలు అల్లుకుని బతికేవాళ్ల ఇంట్లో పుట్టింది వదీదా. విషజ్వరాల ఏడు తల్లీ తండ్రీ వారం తిరక్కుండా పోతే, అన్న షాబానే ఆమెను పెంచాడు. కాస్త ఎదిగాక అత్తరీన్ వీధిలో ఇస్త్రీ కొట్టులో పనికి పెట్టాడు. పరదేశీ దొరల చొక్కాలకు గంజి పెట్టి, బొగ్గుల పెట్టెతో మడత నలగకుండా రుద్దడం ఆమె పని.

ఒక రోజు చొక్కా కోసం వచ్చిన నవూమ్ ఎఫెందీ అనే పెద్దమనిషి, చొక్కా సంగతి మరచి ఆమె మొహమే చూస్తూ నిలబడిపోయాడు. ఆయన మూకీ బొమ్మలు తీసేవాడు.

"ఎడారి పిల్ల వేషముంది. వేస్తావా అమ్మాయీ?"

"నాకు మాట్లాడ్డం చేతకాదు ఎఫెందీ."

"మాటలెవరడిగారు? ఏడవడం వచ్చా?"

అది ఆమెకు బాగా వచ్చు.

అన్నకు ఇస్త్రీ పనికేనని చెప్పి, ఊరి చివర మెక్స్ రాతిగనుల్లో ఎండన పడి నటించింది. ఎర్రరంగు తెరమీదికి నల్లగా వస్తుందని పెదవులకు ఎరుపు తగలనిచ్చేవారు కాదు. మొహమంతా పసుప్పచ్చటి రంగు పూసేవారు. గాలికి ఇసుక వచ్చి ఆ రంగులో అతుక్కునేది. అయినా అంతమంది తన మొహం కోసం ఎదురుచూడటం ఆమెకు అదే మొదలు. ఆ సంబరం ఎవరితోనూ చెప్పుకోలేకపోయింది.

బొమ్మ విడుదలకు ముందు చేపల బజారు గోడమీద, ముసుగు లేని ఆమె మొహమున్న పోస్టరు అంటించారు. పొద్దున్నే అమ్మకానికి చేపల బుట్ట దించుతున్న షాబాన్‌ను చూసి ఒకడు కేకేశాడు.

"ఏరా షాబాన్! నీ చేపలింకా అమ్ముడుపోలేదు గానీ, మీ చెల్లెలు గోడెక్కేసిందిరోయ్!"

బజారంతా నవ్వింది. షాబాన్ బుట్ట అక్కడే వదిలి ఇంటికొచ్చాడు. ఆమె బట్టలు మూటగట్టి గడప అవతల పెట్టాడు.

"అన్నా, ఒక్కమాట విను."

"నాకు చెల్లెలు లేదు. అడిగినవాళ్లకు సముద్రంలో పడిపోయిందని చెప్పుకుంటాను."

వదీదా మూట తీసుకుని, గ్రీకు వితంతువు మదాం కలియోపి ఇంట్లో మేడమీద గది అద్దెకు తీసుకుంది.

ఆడవాళ్ల ఆట రోజున నల్లటి మిలాయా దుప్పటి నిండా కప్పుకుని తన బొమ్మ తనే చూడబోయింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. హాల్లో ఉన్నవాళ్లలోనూ చాలామందికి రాదు. అందుకే తెర పక్కన స్టూలు మీద మెత్వల్లీ అనే ముసలాయన కూర్చుని, తెరమీద వచ్చే రాతలు పైకి చదివేవాడు. తెరమీద ఎడారి పిల్ల పెదవులు కదిలాయి. ముసలాయన బొంగురు గొంతు పలికింది: "నన్ను కన్నవాళ్లే నన్ను ఎరగమంటే, ఇక ఎవరి గడపకని పోను?"

తను ఏమందో వదీదాకు ఆ రోజే తెలిసింది. పక్కావిడ ముక్కు చీదుకుంటూ ఆమె మోచేయి పొడిచింది.

"ఏ తల్లి కన్న బిడ్డో పాపం! నీకేం రాయి గుండెనా, ఏడవవేం?"

వదీదా ముసుగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

తరవాత నాలుగైదు బొమ్మలు ఆడింది. వీధిలో జనం వెంటపడేవాళ్లు గానీ, గది మెట్లెక్కి వచ్చేవాళ్లు లేరు. పండగ రోజు తనే కహ్క్ తీపి బిళ్లలు కొనుక్కుని, కిటికీ దగ్గర కూర్చుని తినేది.

ఇంతలో బొమ్మలకు మాటలొచ్చాయి. నవూమ్ ఎఫెందీ ఆమెను మైకు ముందు నిలబెట్టాడు.

"మాట పరవాలేదు. ఏదీ, ఒక పాట పాడు."

"నేనెప్పుడూ పాడలేదు ఎఫెందీ."

"జనం ఇప్పుడు పాటకే వస్తున్నారమ్మా. పాడలేని నాయికను పెట్టి నేనేం చేసుకోను?" అన్నాడు. కసిరి కాదు, నొచ్చుకునే అన్నాడు. ఇక పిలవలేదు.

ఆమె మళ్లీ ఇస్త్రీ కొట్టుకే వచ్చింది. ఏళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఎవరో పాత కోటు బల్లమీద పెట్టారు.

"మోచేతి దగ్గర చిరుగుంది, చూసి రుద్దమ్మా."

తలెత్తకుండానే ఆ గొంతు గుర్తుపట్టింది. "బాబాయ్, నువ్వు సినిమా హాల్లో చదివేవాడివి కదూ?"

"చదివేవాణ్ణే. ఇప్పుడు బొమ్మలే వాగుతున్నాయిగా, నాకేం పని?"

"ఆ ఎడారి పిల్లను నేనే."

మెత్వల్లీ కళ్లకు అప్పటికే పొర కమ్మింది. మొహం దగ్గరకు తెచ్చి చూసి, పక్కనున్న స్టూలు మీద కూలబడి నవ్వాడు. "ఓసి నీ! నీ ఏడుపంతా నేనేడ్చాను గదే!"

అప్పటినుంచి ప్రతి శుక్రవారం కోమ్ ఎల్‌దిక్కా పేటలో ఆయన గదికి, చిక్కుడు గింజలు ఉడికించిన ఫూల్ గిన్నె పట్టుకుని వెళ్లేది. చూపు బొత్తిగా పోయాక ఒక రోజు ఆయన పేపరు ముందుకు తోశాడు.

"కాస్త చదువు బిడ్డా."

"నాకు రాదు బాబాయ్."

ఆయన పళ్లెంలో ఎర్రపప్పు పోయించి, వేలితో మొదటి అక్షరం అలిఫ్ గీశాడు. చూపు లేకపోయినా ఆ గీత తిన్నగా వచ్చింది. రెండు చలికాలాలు అలా గడిచాయి. ఆమె కూడబలుక్కుంటూ చదువుతుంటే వెక్కిరించేవాడు. "గుడ్డివాడికి కుంటి చదువు! ఊఁ, కానియ్, ధరలు ఎక్కడిదాకా పోయాయో చెప్పు."

ఒక శుక్రవారం వెళ్లేసరికి సందులో కుర్చీలు వేసి ఉన్నాయి. లోపల ఖురాన్ చదువుతున్నారు. దమన్‌హూర్ నుంచి వచ్చిన ఆయన కూతురు గుమ్మంలో ఎదురైంది.

"మీరెవరమ్మా?"

ఏ వరస చెప్పాలో వదీదాకు తోచలేదు. "ఆయన కోటు ఇస్త్రీ చేసేదాన్ని," అంది. ఆడవాళ్ల వరసలో చివర కూర్చుని, చావింట ఇచ్చే చక్కెర లేని కాఫీ తాగి లేచింది. ఫూల్ గిన్నె ఎవరికివ్వాలో తెలియక వెంట తెచ్చుకుంది.

ఆ సాయంత్రం గదిలో పేపరు విప్పి, చివరి పేజీ దాకా పైకే చదివింది. కింద మెట్లమీద మదాం కలియోపి చెవి రిక్కించింది.

"వదీదా! పైన ఎవరొచ్చారే?"

"ఎవరూ రాలేదు మదాం."

"మాటలు వినపడుతుంటేను!"

"నావే," అంది వదీదా.