మిలటరీ నర్సమ్మ ఇంట్లో తుపాకీ వేట

మా వీధిలో ఆవిడను అందరూ మిలటరీ నర్సమ్మ అనేవాళ్లు. వయసంతా సైనిక ఆసుపత్రుల్లో కట్లు కట్టి, రిటైరయ్యాక చెల్లెలితో రెండు గదుల ఇంట్లో ఉండేది. మాట కరుకు, చెయ్యి మెత్తన. ఎవరికి ఒళ్లు వెచ్చబడినా ముందు ఆవిడ గడపే తొక్కేవాళ్లం.

ఒకసారి పోలీసు స్టేషన్లో తుపాకీ కనిపించకుండా పోయింది. తాళం వేసిన గదిలోంచి, కాపలా ఉండగానే. పెద్దాఫీసరు బుర్ర గోక్కుని, తుపాకీ పట్టడం తెలిసినవాడే దొంగ అని తేల్చాడు. ఆ విద్య తన సిబ్బందికీ వచ్చునన్న సంగతి ఆయనకు తట్టలేదు. మాజీ సైనికుల ఇళ్లన్నీ సోదా చెయ్యమన్నాడు.

పొద్దున్నే నర్సమ్మ ఇంటి మీద పడ్డారు. ఆవిడ గడియ తీసేలోపే తలుపు నేలకూలింది.

"పిలిస్తే పలకనా నాయనా? తలుపేం పాపం చేసింది?"

"డ్యూటీ అమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డబ్బాలు బోర్లించారు. దిండ్లు చీల్చారు. దూది గదంతా ఎగిరి ఇన్‌స్పెక్టరు మీసాల మీద వాలింది. ఒక కానిస్టేబులు అటక మీంచి పొడుగాటి మూట దించి, "దొరికింది సార్!" అని కేకేశాడు. విప్పితే, చెల్లెలికి కాలు విరిగినప్పటి చంకకర్రలు.

"సర్వీసంతా నేను పట్టింది సూదయ్యా. కావాలంటే ఒకటి పొడుస్తా, చూసుకో" అంది నర్సమ్మ. ఈలోగా ఆ కానిస్టేబులు చేతికి పగిలిన సీసా పెంకు గీసుకుంది. ఆవిడ తిడుతూనే కట్టు కట్టింది.

వారం తిరక్కుండానే తుపాకీ దొరికింది. స్టేషన్లోనే, బీరువా వెనక. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారన్నమాట. పెద్దాఫీసరు మాత్రం 'ముమ్మర సోదాల ఫలితం' అని సభ పెట్టి దండ వేయించుకున్నాడు.

ఆ సభలో నర్సమ్మ లేచి నిలబడింది. "ఎక్కడ దొరికిందో కూడా సెలవియ్యండి బాబూ. అలాగే, నా తలుపు పగలగొట్టమన్నదెవరో?"

పెద్దాఫీసరు ఇన్‌స్పెక్టరు వంక చూశాడు. ఇన్‌స్పెక్టరు చేతికి కట్టున్న కానిస్టేబులు వంక చూశాడు. చూడ్డానికి తన కింద ఎవరూ లేని ఆ కానిస్టేబులు, "తలుపు తన్నింది నేనే పెద్దమ్మా. తప్పయింది" అనేశాడు.

విచారణ జరిగింది. తప్పు ఒప్పుకున్నవాడు ఒక్కడే గనక దోషీ ఒక్కడే అయ్యాడు. సస్పెండు చేశారు.

నర్సమ్మకు ఒళ్లు మండింది. "నిజం చెప్పినవాడికా శిక్ష?" అంటూ మాజీ సైనికులందర్నీ కూడగట్టి స్టేషన్ ముందు బైఠాయించింది. చెల్లెలు కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చుంది. పేపర్లవాళ్లు వచ్చాక గానీ కానిస్టేబులు ఉద్యోగం వెనక్కి రాలేదు. అతను సెలవు పెట్టి, వడ్రంగిని వెంటబెట్టుకొచ్చి తలుపు బిగించి వెళ్లాడు.

పెద్దాఫీసరుకు ప్రమోషనిచ్చి మరో ఊరు పంపారు. సోదాకి ఆర్డరిచ్చిందెవరని నర్సమ్మ కేసు వేసి ఇంకా కోర్టులో అడుగుతూనే ఉంది. ఆ ఆర్డరు మీది సంతకం ఎవరిదో పోల్చుకోలేకపోతున్నామని డిపార్ట్‌మెంటువారు వాయిదా వాయిదాకీ విచారం వెలిబుచ్చుతున్నారు.