రైలు కిటికీలోంచి వదిలిన బోండాం

ఆ రోజు తప్పు నాదే. రైలు కుప్పం దగ్గరికొస్తుండగా, నీళ్లు తాగేసిన కొబ్బరి బోండాన్ని కిటికీలోంచి వదిలేశాను. ఆ వెంటనే పట్టాల పక్కన కూర్చుని అన్నం తింటున్న కూలీలు కనబడి, వెనక్కి జరిగిపోయారు. ఎవరో అరిచారు.

ఎదుటి సీట్లోని పెద్దావిడ నా చేయి పట్టుకుంది. "యాల ఇసిరితివప్పా? ఆడ మనుసులుండారే!"

"విసరలేదమ్మా, మెల్లగా వదిలినాను."

"ఎవురికన్నా తగిలిందేమో సూస్తివా?"

చూడలేదు.

పుంగనూరు బడిలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి నేను. నా చేతిలోంచి మెల్లగా జారిన బోండాం నేలమీది మనిషి మీదికి రైలు వేగంతోనే వస్తుంది. వేగం పదింతలైతే ద్రవ్యవేగం పదింతలే, గతిశక్తి మాత్రం నూరింతలు. ఏటా బోర్డు మీద రాసే లెక్కే.

"సూడకుండా యాడికి పోతావప్పా?" అంటూ, స్టేషన్ వచ్చేదాకా ఆమె నా చేయి వదల్లేదు.

దిగి, పట్టాల వెంట వెనక్కి నడిచాను. మనుషులకు ఏమీ కాలేదు. వాళ్ల నీళ్ల కడవ మాత్రం పెంకులైపోయింది.

"బిడ్డకు పాలిస్తా ఆ కడవ పక్కనే కూర్చోనుండానప్పా," అంది ఒకామె.

కుప్పం అంగట్లో కొత్త కడవ కొని, నీళ్లు నింపి, భుజాన పెట్టుకుని మళ్లీ అక్కడికి నడిచాను.